ఓడలో నడిచిన ఫాల్టు

ఆ రోజుల్లో యుద్ధనౌక అంటే యుద్ధం చేసేదని నమ్మేవాణ్ణి. నా తప్పేమీ లేదు. రాయచోటి పక్కన వానకే మొహం వాచిన ఊళ్ళో పుట్టినవాడికి సముద్రమే ఒక వదంతి. ఇంక దాని మీద తిరిగే ఓడల సంగతి ఏం తెలుస్తుంది? డిప్లొమా చేతికొచ్చిన ఏడాదికి సౌదీలో ఎలక్ట్రీషియన్ పని అని వీసా వస్తే, ఏదో పెద్ద బిల్డింగులో ఏసీలు బాగుచేస్తూ బతకొచ్చనుకుని విమానం ఎక్కాను. తూర్పు తీరంలో, ఖతీఫ్‌కి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఒక రేవుకి తీసుకెళ్ళి, బూడిదరంగు ఓడ ఒకటి చూపించి, "నీ పని అందులో" అన్నాడు కంపెనీ మనిషి. ఓడ మిలిటరీ వాళ్ళది, కరెంటు పనుల కాంట్రాక్టు మాది. అది మైన్‌స్వీపర్. అంటే సముద్రంలో శత్రువులు వదిలిన మందుపాతరల్ని వెతికి తీసేసే ఓడ. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అవ్వ (నాయనకు తల్లి) మెల్లగా, "యుద్ధం జరగతాండాదా నాయనా?" అంది. "లేదవ్వా, ఇప్పుడు యుద్ధమేమీ లేదు" అన్నాను. "మరి ఆ ఓడేం చేస్తాది?" అంది. ఆ ఓడ మీద పద్నాలుగు నెలలు పనిచేశాను గానీ, ఆ ప్రశ్నకి సరైన జవాబు మాత్రం చెప్పలేకపోయాను.

ఏం చేసేదంటే, దున్నేది. మా చిన్నాయన మడక కట్టి చేను దున్నినట్టు, ఓడలు వచ్చిపోయే దారిలో ఒక చివర మొదలుపెట్టి ఇంకో చివర దాకా వెళ్ళి, తిరిగి, పక్కన ఇంకో చాలు వేసుకుంటూ వచ్చేది. పది రోజులు దున్ని రేవుకి వచ్చేవాళ్ళం. వారం ఆగి మళ్ళీ అదే చేను. నేనున్న కాలంలో మాకు దొరికినవి: జాలర్లు పోగొట్టుకున్న ఇనప తీగల చేపబుట్టలు లెక్కలేనన్ని, లారీ టైర్లు, ఒక బట్టలుతికే మిషను. ఆ మిషను దొరికిన రోజున అందరూ తలకి టోపీలు పెట్టుకుని, ముగ్గురు మనుషులు నీళ్ళలోకి దిగి, రెండు గంటలు శ్రమపడి దాన్ని పరీక్ష చేశారు. ప్రమాదం లేదని తేలాక వాళ్ళ మొహాల్లో కనిపించింది సంతోషమో నిరాశో ఇప్పటికీ చెప్పలేను. మందుపాతర ఒక్కటీ దొరకలేదు. దొరక్కూడదనే కదా వెతికేది. కానీ రోజూ లేచి, లేనిదాన్ని వెతికి, లేదని పుస్తకంలో రాసి పడుకునే ఉద్యోగం మనిషిని లోపల కొంచెం ఖాళీ చేస్తుంది.

ఇక ఆ ఓడలో మొదటి నియమం ఇనుము. కొన్ని మందుపాతరలు ఇనుము దగ్గరికి రాగానే పసిగట్టి పేలతాయట. అందుకని ఓడ ఒళ్ళే ఇనుముతో చెయ్యలేదు. తప్పనిసరైన యంత్రాల్లో ఉన్న కాస్త ఇనుముకీ విరుగుడుగా ఓడ పొడుగునా తీగలు చుట్టి, వాటిలో కరెంటు పంపి, దాని అయస్కాంత గుణాన్ని చెరిపేస్తారు. ఆ తీగలు చూసుకోవడమే మా పని. ఓడలోకి వచ్చే ప్రతి ఇనప వస్తువుకీ ఒక రిజిస్టరు ఉండేది. చేరిన రోజునే నా బెల్టు బకిలు తీసేశారు. (ప్యాంటు జారకుండా కొన్నాళ్ళు ఒక చెయ్యి దానికే కేటాయించాను.) ఈ నియమాలన్నీ నాకు చెప్పింది మా పెద్ద ఎలక్ట్రీషియన్. కరాచీ నుంచి వచ్చిన యాభై అయిదేళ్ళ మనిషి, పన్నెండేళ్ళుగా ఆ ఓడ మీదే ఉన్నాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు, నేనూ అంతే. "బేటా, ఈ ఓడలో నీ ఒంట్లో ఉన్న ఇనుము తప్ప వేరే ఇనుము ఉండకూడదు. నీ సామాను గురించి కాగితం మీద సంతకం పెట్టేది నేను" అన్నాడు. ఉర్దూలో అన్నాడు. నాకు సగం అర్థమైంది. మిగతా సగానికి తల ఊపాను.

నా ఉర్దూ గురించి ఇక్కడ చెప్పుకోవాలి. మేం దూదేకుల వాళ్ళం. మా ఇంట్లో పేర్లు ముస్లిం పేర్లే, మాటలు మాత్రం అచ్చం కడప తెలుగు. నా పేరు వినగానే ఎవరైనా గడగడా ఉర్దూలో మొదలుపెట్టేవాళ్ళు. నేను నోరు తెరవగానే నవ్వేవాళ్ళు. ఖతీఫ్‌లో షాపు పెట్టుకున్న హైదరాబాద్ ఆయన ఒకడు నా మాట వినడానికే నాకు చాయ్ ఇప్పించేవాడు. ఓడలో సౌదీ నావికులు నన్ను "యా హిందీ" అని పిలిచేవాళ్ళు. అరబ్బీలో హిందీ అంటే ఇండియా మనిషి. ముక్క హిందీ రానివాడికి ఆ పేరు ఖాయమైంది. ఓడ ఎక్కేముందు ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళు కాబట్టి, ఆ పది రోజులూ నాకు తెలుగు మాట చెవిన పడే మార్గం లేదు. నెల తిరిగేసరికి ఫ్యూజు బోర్డులతో మాట్లాడటం మొదలుపెట్టాను. "ఏమ్మే, ఈ రోజు వేడిగా ఉండావే" అని మూడో నంబరు ప్యానెల్‌ని పలకరించేవాణ్ణి. అది జవాబు చెప్పేది కాదు గానీ, నా యాస చూసి నవ్వేదీ కాదు.

అలాంటి స్థితిలో పెనం ఓడ ఎక్కింది. మా అవ్వ దోసెలు పోసిన ఇనప పెనం అది, నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. నేను బయలుదేరేటప్పుడు బట్టల మధ్య పెట్టి పంపింది. రేవుకి వచ్చి ఫోన్ చేసినప్పుడల్లా నా ఆరోగ్యం కన్నా ముందు దాని ఆరోగ్యం అడిగేది. "పెనం బాగుండాదా? సబ్బు పెట్టి తోమొద్దురా నాయనా, జిడ్డు పోతే దోసె లెయ్యదు." అన్నాళ్ళూ అది రేవు దగ్గర మా కంపెనీ వాళ్ళుండే క్యాంపులో నా మంచం కింద ఉంది. ఒకసారి పది రోజులకు బదులు ఇరవై అయిదు రోజులు సముద్రం మీదే ఉండాలన్నారు. ఇరవై అయిదు రోజులు అనగానే నా బుర్ర పనిచెయ్యడం మానేసింది. పెనాన్ని లుంగీలో చుట్టి, పైన రెండు టవళ్ళు కప్పి, బ్యాగులో పెట్టుకుని ఓడ ఎక్కాను. "అంతా బట్టలేనా?" అన్నాడు ఉస్తాద్. "బట్టలే" అన్నాను. ఆయన బ్యాగు తెరవలేదు. సంతకం పెట్టాడు.

ఓడలో వంట చేసేది చిట్టగాంగు ఆయన ఒకడు. అందరికీ చాచా. ఆయన మిక్సీలో బియ్యం, మినప్పప్పు రుబ్బుకుని, ప్లాస్టిక్ బకెట్లో పోసి ఇంజను గది గోడ పక్కన పెట్టాను. ఆ వేడికి మా ఊళ్ళో రాత్రంతా పట్టే పని నాలుగు గంటల్లో అయిపోయి, పిండి బకెట్ దిగి నడవడం మొదలుపెట్టింది. (అది తుడవడానికి నా లుంగీ ఒకటి బలైంది.) శుక్రవారం నమాజు, భోజనం అయ్యాక ఓడంతా పడుకుంటుంది. ఆ గంటలో వంటగదిలో కరెంటు పొయ్యి మీద పెనం పెట్టి మొదటి దోసె పోశాను. చుయ్యిమంది. ఎర్రకారం పూసి, మడిచి, నిలబడే తిన్నాను. చాచా నాలుగు తిని, వేలు నాకి, "ఇది మీ దేశంలో అందరూ తింటారా?" అన్నాడు. "మా జిల్లాలో తింటారు" అన్నాను. ఆయన నా మొహం చూసి, పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాడు. దోసెలయ్యాక పెనం దాచాలి కదా. ఓడ వెనక భాగంలో నేను తప్ప ఎవరూ తెరవని కేబుల్ ప్యానెల్ ఒకటుంది. అందులో పెట్టి మూత బిగించాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

అప్పటిదాకా ఇనుము తనిఖీ అంటే రిజిస్టరు చూసి టిక్కులు పెట్టడమే. నా ఖర్మకి ఆ ట్రిప్పులోనే ఒక కొత్త ఆఫీసరు వచ్చాడు. నా వయసువాడే, విదేశంలో ట్రైనింగు అయ్యి సరాసరి వచ్చాడు, చేతిలో ఇనుముని పసిగట్టే మీటరు. దాని సూది మీద నుంచి ఆయన కన్ను తిప్పగా నేను చూడలేదు. అందుకని నా మటుకు నేను సూదాయన అని పేరు పెట్టుకున్నాను. రేవు చేరే రోజున పెద్ద ఆఫీసర్లు తనిఖీకి వస్తారని, దానికి వారం ముందు నుంచీ ఓడంతా మీటరుతో కొలిచి మ్యాపు గీయడం మొదలుపెట్టాడు. మొదటి రోజు వెనక భాగంలో సూది ఎగిరింది. "ముష్కిలా" అన్నాడు. సమస్య ఉందని. తీగల్లో ఫాల్టేమో చూడమని ఉస్తాద్‌ని పిలిచాడు. ఉస్తాద్ వెనక భాగంలో ప్యానెళ్ళు విప్పడం మొదలుపెట్టాడు. పక్కన టార్చి పట్టుకుని నిలబడింది నేనే. చీకటి పడేసరికి పెనమున్న ప్యానెల్‌కి ఇంకొక్క ప్యానెల్ దూరంలో ఆగి, "మిగతాది రేపు" అన్నాడు.

ఆయన స్నానానికి వెళ్ళగానే పెనాన్ని తీసి నా పరుపు కింద పెట్టుకున్నాను. మర్నాడు వెనక భాగం శుభ్రంగా ఉంది. సూదాయన సంతోషపడి మధ్య భాగం కొలిచాడు. సూది ఎగిరింది. ఉస్తాద్ మధ్య భాగం తీగలు విప్పాడు. నేను పెనాన్ని ముందున్న పెయింటు గదికి మార్చాను. మూడో రోజు మధ్య భాగం బాగుంది, ముందు భాగం పాడైంది. సూదాయన తన మ్యాపు పరిచి, వెనక నుంచి ముందుకి బాణం గుర్తు గీసి, దాని వైపు చాలాసేపు చూశాడు. "ముప్ఫై ఏళ్ళ నుంచి ఫాల్టులు చూస్తున్నాను, నడిచే ఫాల్టుని చూడలేదు" అన్నాడు ఉస్తాద్. నాలుగో రోజు చాచా కాళ్ళు పట్టుకుంటే, బియ్యం మూటలో దాచడానికి ఒప్పుకున్నాడు. ఎప్పుడూ వంటగది వైపు రాని సూదాయన సరిగ్గా ఆ రోజే చాయ్ కోసం వచ్చి, మీటరు బల్ల మీద పెట్టాడు. సూది బియ్యం వైపు వాలింది. చాచాకి సైన్సులో తెలిసిన ముక్క ఒక్కటే. బల్ల మీదున్న పాలకూర కట్ట చూపించి, "ఇందులో హదీద్ చాలా ఉంటుంది సార్" అన్నాడు. హదీద్ అంటే ఇనుము. సూదాయన చదువుకున్నవాడు, నవ్వి కొట్టిపారెయ్యాలి. కానీ నాలుగు రోజులుగా నిద్రలేని మనిషి. మీటరుని పాలకూర దగ్గర పెట్టి చూశాడు. తరవాత సిగ్గుపడి చాయ్ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఇది ఇప్పుడు చెబుతుంటే నాకూ నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు. అయిదో రోజు మధ్యాహ్నం పెనాన్ని టవల్లో చుట్టుకుని ఓడ అంచుకి వెళ్ళాను. పారేస్తే అయిపోతుంది. రెండు చేతులా పట్టుకుని కమ్మీ అవతలికి చాచాను కూడా. అవ్వ అడిగితే ఏం చెప్పాలన్నది ఒక పక్క. ఇంకో పక్క, సముద్రం అడుగున ఏమున్నా వెతికి తీసేది మా ఓడే. రేపో ఎల్లుండో దీన్ని తీసి, తలలకి టోపీలు పెట్టుకుని, నా ఎదురుగానే పరీక్ష చేస్తారు. వెనక్కి తెచ్చి మళ్ళీ పరుపు కింద పెట్టాను. ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించింది. చెప్పుకునే భాష ఉన్నవాడు ఓడలో ఎవడూ లేడు. ఉర్దూలో ఇంత పెద్ద తప్పు ఒప్పుకునేంత ఉర్దూ నాకు రాదు. రెండు వాక్యాలు కూడగట్టుకుని ఉస్తాద్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అన్నం ముట్టకుండా కూచుని ఉన్నాడు. ఆ వాక్యాలు నోట్లోనే ఉండిపోయాయి.

ఆరో రోజు పొద్దున ఆయనే నన్ను వర్క్‌షాపులోకి పిలిచాడు. "నీకు ఇంగ్లీషు టైపు వచ్చు కదా. నేను చెబుతాను, కంపెనీకి ఒక ఉత్తరం కొట్టు" అన్నాడు. కంప్యూటర్ ముందు కూచున్నాను. ఆయన నా వెనక నిలబడి నెమ్మదిగా చెప్పాడు. ఓడలో ఉన్న ఫాల్టు నాకు దొరకడం లేదు. తప్పు నాదే. కళ్ళు సరిగ్గా కనిపించడం లేదు, చెయ్యి నిలవడం లేదు. ఈ పనికి ఇక పనికిరాను. నాకు ఫైనల్ ఎగ్జిట్ ఇప్పించి ఇంటికి పంపండి. నేను 'ఐ' అని ఒక్క అక్షరం కొట్టాను. దాని తరవాత వేలు కదలలేదు. "ఏమైంది?" అన్నాడు. లేచి వెళ్ళి పరుపు కింద నుంచి పెనం తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. వచ్చిన ఉర్దూ కూడా పోయింది. "నాదే ఉస్తాద్, మా అవ్వది, దోసెలకని తెచ్చుకున్నా" అని తెలుగులోనే ఏడ్చాను.

ఆయనకి ఒక్క మాట అర్థమై ఉండదు, కానీ అంతా అర్థమైంది. పెనాన్ని చూశాడు, నన్ను చూశాడు. కేకలేస్తాడనుకున్నాను. కొడతాడనుకున్నాను. "ఎన్ని రోజుల నుంచి తెలుసు?" అన్నాడు. "మొదటి రోజు నుంచి." "నేను ప్యానెళ్ళు విప్పుతుంటే టార్చి పట్టుకున్నది నువ్వే కదా?" "అవును." ఈనాటికీ ఆ ప్రశ్న గుర్తొస్తే కూచున్నవాణ్ణి లేచి నిలబడతాను.

సూదాయన దగ్గరికి ఉస్తాదే తీసుకెళ్ళాడు. మీటరు పెట్టగానే సూది చివరికంటా పోయి అక్కడే నిలబడిపోయింది. ఆ కుర్ర ఆఫీసరు మొహంలో ముందు కనిపించింది కోపం కాదు, పోయిన ప్రాణం తిరిగొచ్చినట్టు ఒక వెలుగు. తన మీటరు మంచిదే, తన చదువు మంచిదే. కోపం తరవాత వచ్చింది. "ఏష్ హాదా, యా హిందీ?" అన్నాడు, ఏమిటిది అని. రొట్టె కాల్చుకునేది అని ఉస్తాద్ చెప్పాడు. సూదాయన రిజిస్టరు తీసి, ఇనుము ఒకటి, గుండ్రనిది అని రాసి, నా చేత సంతకం పెట్టించి, పెనాన్ని ఉస్తాద్‌కి అప్పగించాడు. రేవు చేరిన రోజునే నన్ను ఓడ దింపేశారు. తనిఖీ బాగా జరిగిందని, ఉస్తాద్ ఉద్యోగానికి ఏమీ కాలేదని తరవాత విన్నాను. దిగేదాకా ఆయన నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. మెట్ల దగ్గర మాత్రం ఒక పొట్లం చేతికిచ్చాడు. క్యాంపుకి వెళ్ళి విప్పితే పెనం. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా నూనె పూసి, శుభ్రమైన గుడ్డ చుట్టి ఉంది.

కంపెనీ నన్ను ఇంటికి పంపలేదు. క్యాంపులో ఏసీల పని ఇచ్చింది. మొదట కోరుకున్నదే కదా, అయినా గదిలో కూచుంటే నేల ఊగకపోవడం వెలితిగా ఉండేది. రెండు నెలల తరవాత ఒక శుక్రవారం, తలుపు కొడితే తీశాను. ఉస్తాద్. చేతిలో ఖతీఫ్ మార్కెట్లో కొన్న చేపలు. "ఆ రొట్టె పొయ్యి" అన్నాడు. పిండి పొద్దున్నే రుబ్బి ఉంది. నేను దోసెలు పోశాను, ఆయన చేపల పులుసు చేశాడు. రెండో దోసె సగంలో ఉండగా, "ఆ రోజే నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. "నా ఉర్దూ విని నవ్వుతారని" అన్నాను. ఆయన తినడం ఆపాడు. "ఉర్దూ నాకు మాత్రం సొంత భాషా? మా ఇంట్లో కచ్ఛీ మాట్లాడతాం. కరాచీ వీధుల్లో తిరిగి ఉర్దూ నేర్చుకున్నాను, తప్పులు పోతాయేమోనని తక్కువ మాట్లాడతాను. అందరూ నన్ను గంభీరమైన మనిషి అనుకుంటారు. పన్నెండేళ్ళలో ఆ ఓడ మీద నా భాష మాట్లాడేవాడు ఒక్కడూ ఎక్కలేదు" అన్నాడు. మళ్ళీ ఒక ముక్క తుంచి, "నువ్వు మూడో నంబరు ప్యానెల్‌తో మాట్లాడటం విన్నాను. నేను అయిదో నంబరుతో మాట్లాడతాను" అన్నాడు. నవ్వుతాడేమో అని చూశాను. నవ్వలేదు. దోసె అడిగాడు.

ఆ తరవాత ఏడాదిలోపే ఆయన తనంతట తానే ఇంటికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు ఫోన్లు నడిచాయి, తరవాత నంబరు మారింది. నేనిప్పుడు జెద్దాలో ఒక వర్క్‌షాపుకి ఇన్‌చార్జిని. నా ఉర్దూ విని ఇప్పుడెవరూ నవ్వరు. బాగుపడి కాదు, జీతాల కాగితం మీద నేను సంతకం పెడతాను కాబట్టి. కొత్తగా ఎవరు చేరినా మొదట అడిగేది ఒకటే, ఇంట్లో ఏం భాష మాట్లాడతావని. ఇకామా (ఇక్కడ ఉండటానికిచ్చే కార్డు) కన్నా ముందు ఇదేం ప్రశ్నని ఆఫీసులో విడ్డూరంగా చూస్తారు. మొన్న ఒక క్రేను ఆపరేటరు చేరాడు, నలభై దాటినవాడు, నేపాల్ కొండల నుంచి. నేపాలీయేగా అన్నాను. కాదు సార్, మాది వేరే భాష, మా లోయ దాటితే ఎవరికీ రాదు అన్నాడు. అయితే అందులోనే ఏదైనా చెప్పు అన్నాను. ఆయన మొదట సిగ్గుపడ్డాడు. తరవాత మొదలుపెట్టి అరగంట ఆపలేదు. ఇంటి సంగతో, భార్య సంగతో, నన్ను తిట్టాడో కూడా తెలియదు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఫోను రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. ఆయన మొహం చూసుకుంటూ, ఎక్కడ తల ఊపాలనిపిస్తే అక్కడ ఊపుతూ కూచున్నాను.